చెయ్యి వదలని మనిషి: 'బ్యాట్‌మన్ ఫరెవర్'లో జిమ్ క్యారీ, ఒక నటనా శిక్షకుడి కేస్ స్టడీ

కేసు ఎలా వచ్చింది

హైదరాబాద్‌లో శని, ఆదివారాలు కామెడీ నటులకి వర్క్‌షాప్ నడుపుతాను. వచ్చేవాళ్లలో ఎక్కువ మంది టీవీ స్కిట్లు, షార్ట్ ఫిల్ములు చేసినవాళ్లే. ఆమధ్య వాళ్లలో ఒక కుర్రాడికి వెబ్ సిరీస్‌లో విలన్ వేషం వచ్చింది. నవ్విస్తూ భయపెట్టే విలన్. వాడి టైమింగ్ బాగుంటుంది, గొంతు ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, ఒళ్లు రబ్బరు. మొదటి షెడ్యూల్ అయ్యాక మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"సార్, ప్రతి టేక్‌కీ 'తగ్గించు, తగ్గించు' అంటున్నారు. తగ్గిస్తే డల్‌గా ఉందంటున్నారు. ఎంత తగ్గించాలో మాత్రం ఎవరూ చెప్పరు."

ఇలాంటివాళ్ల కోసం నా దగ్గర ఒక వీడియో ఉంది. 1995లో వచ్చిన 'బ్యాట్‌మన్ ఫరెవర్' సినిమాలో పొడుపు కథలు విసిరే విలన్ రిడ్లర్‌గా జిమ్ క్యారీ గెంతే ముక్కలు, అరిచే ముక్కలు, చేతికర్ర గిరగిరా తిప్పే ముక్కలు అన్నీ ఒకచోట అతికించి పెట్టుకున్నాను. లాప్‌టాప్‌లో దాని పేరు "అతి". కమెడియన్ చేతికి విలన్ వేషం ఇస్తే ఎలా చేయకూడదో చెప్పడానికి ఏళ్ల తరబడి దాన్నే చూపిస్తూ వచ్చాను. వాడికీ అదే వేశాను.

అంతా చూసి, "ఈ సినిమాలో ఈయన మొదటి సీన్ గుర్తుందా సార్? అది మీ వీడియోలో లేదు" అన్నాడు.

నిజమే, లేదు. అరుపులు ఏరుకునేటప్పుడు ఆ సీన్ నాకు పనికిరాలేదు. ఆ రాత్రి సినిమా మొత్తం మళ్లీ చూశాను. తర్వాత ఇంకోసారి సౌండ్ పూర్తిగా తీసేసి చూశాను. ఇంకోసారి క్యారీ మీద చూపు పెట్టకుండా, ఏ సీన్‌లో అతని ఎదురుగా ఎవరుంటే వాళ్లనే చూస్తూ కూర్చున్నాను. ఈ మూడోదాంతో నా పాత పాఠం చెడింది.

అప్పటి పరిస్థితి

టిమ్ బర్టన్ తీసిన రెండో బ్యాట్‌మన్ సినిమా 1992లో వచ్చింది. పిల్లలకి చూపించలేనంత చీకటిగా ఉందని అమెరికాలో తల్లిదండ్రులు గొడవ చేశారు. వార్నర్ బ్రదర్స్ దర్శకుణ్ని మార్చి జోయెల్ షుమాకర్‌ని తెచ్చుకుంది, బర్టన్ నిర్మాతగా మిగిలాడు. కొత్త సినిమాలో నియాన్ రంగులు పొంగిపొర్లాయి. బ్యాట్‌మన్‌గా వాల్ కిల్మర్ వచ్చాడు. విలన్లు ఇద్దరు: టూ-ఫేస్‌గా టామీ లీ జోన్స్, రిడ్లర్‌గా క్యారీ. జోన్స్ అప్పటికి ఏడాది ముందే 'ది ఫ్యుజిటివ్' సినిమాకి ఆస్కార్ అందుకున్నాడు.

క్యారీ సంగతి వేరు. 1990 నుంచి టీవీలో స్కిట్లు చేసుకునే మనిషికి 1994 ఒక్క ఏడాదిలోనే 'ఏస్ వెంచురా', 'ది మాస్క్', 'డమ్ అండ్ డమ్మర్' మూడూ ఆడేశాయి. అంటే 1995 జూన్‌లో థియేటర్‌కి వచ్చినవాళ్లలో సగం మంది రిడ్లర్ కోసం రాలేదు, క్యారీ మొహం తిప్పుళ్లు చూడ్డానికి వచ్చారు. మొదటి వారాంతంలోనే అమెరికాలో 5 కోట్ల 28 లక్షల డాలర్లు వచ్చాయి. అప్పటికి అది రికార్డు.

రిడ్లర్ పాత్ర క్యారీతో పుట్టలేదు. 1948లో బిల్ ఫింగర్, డిక్ స్ప్రాంగ్ కామిక్స్‌లో సృష్టించారు. జనానికి గుర్తుండిపోయింది మాత్రం 1966 టీవీ సీరియల్‌లో ఫ్రాంక్ గోర్షిన్ వల్ల. కిలకిలా నవ్వుతూ నవ్వుతూ ఠక్కున ఆగిపోయేవాడు, ఆ ఆగడంలో భయం ఉండేది. టీవీ అవార్డు ఎమ్మీకి నామినేషన్ కూడా వచ్చింది. నేను దాన్ని ఇక్కడ ఎత్తడానికి కారణం గోర్షిన్ కాదు, ఆయన ఎదురుగా నిలబడ్డ ఆడమ్ వెస్ట్. చుట్టూ ఎంత పిచ్చి జరుగుతున్నా వెస్ట్ బ్యాట్‌మన్ పార్లమెంటులో ప్రసంగిస్తున్నంత గంభీరంగా మాట్లాడేవాడు. పెదవి చివర కూడా కదలనిచ్చేవాడు కాదు. ఆ సీరియల్ కామెడీ అంతా వెస్ట్ భుజాల మీద నిలబడింది.

మన తోలుబొమ్మలాటలోనూ ఇదే లెక్క. కేతిగాడు ఎక్కడ పడితే అక్కడ దూరి నానా అల్లరి చేస్తాడు. రాముడి బొమ్మ నవ్వదు. నవ్వితే ఆట పోతుంది.

కరచాలనం

మొదటి సీన్ గురించి కాస్త ఎక్కువ రాయక తప్పదు.

రిడ్లర్ కాకముందు క్యారీ పాత్ర పేరు ఎడ్వర్డ్ నిగ్మా, వేన్ ఎంటర్‌ప్రైజెస్‌లో పరిశోధన విభాగం ఉద్యోగి. టీవీ సిగ్నల్‌ని నేరుగా మెదడులోకి పంపే యంత్రం తయారుచేస్తున్నాడు. యజమాని బ్రూస్ వేన్, అంటే ముసుగు లేని బ్యాట్‌మన్, ఆ రోజు తనిఖీకి వస్తాడు. నిగ్మా పరుగున వెళ్లి తనను తాను పరిచయం చేసుకుంటాడు. మీరే నన్ను స్వయంగా ఉద్యోగంలోకి తీసుకున్నారంటాడు, వెంటనే సర్దుకుని మనం నిజానికి ఎప్పుడూ కలవలేదు గానీ నియామకం కాగితం మీద మీ పేరుందంటాడు. చెయ్యి కలుపుతాడు. ఇంక వదలడు.

క్యారీ ఇక్కడ మొహంతో పెద్దగా ఏమీ చేయడు. జుట్టు చెదిరి ఉంది, కళ్లద్దాలు ఉన్నాయి, మాట తొందరగా ఉంది. అంతకుమించి విన్యాసం లేదు. సీన్ మొత్తం ఆ పట్టుకున్న చేతిలో ఉంది. ఆఫీసులో పెద్దాయన కంట పడాలని ఏళ్లుగా ఎదురు చూసిన గుమాస్తా ఒక్క నిమిషం దొరికితే ఎలా పట్టుకుంటాడో అలా పట్టుకున్నాడు. అప్పుడు వేన్ మెల్లగా, మర్యాదగా, నా చెయ్యి నాకు కావాలి ఎడ్ అన్నట్టు ఒక మాట అంటాడు. థియేటర్ నవ్వేది ఆ మాటకే.

ఆ నవ్వు తెప్పించింది కిల్మర్ అని నాకు ఇన్నేళ్లూ తట్టలేదు. కిల్మర్ చెక్కలా ఉన్నాడని అప్పటి రివ్యూల్లో చాలామంది రాశారు, నేనూ క్లాసులో ఆ మాటే అనేవాణ్ని. మూడోసారి అతన్నే చూస్తూ కూర్చున్నప్పుడు తెలిసింది. అతను విసుక్కోడు. చెయ్యి లాక్కోడు. నవ్వడు. పక్కవాళ్ల వైపు చూసి కనుబొమ్మ ఎగరేయడు. అందులో ఏ ఒక్కటి చేసినా నిగ్మా మనకు వట్టి బఫూన్ అయిపోతాడు. వేన్ అతన్ని మనిషిగా చూసి మర్యాద ఇచ్చాడు కాబట్టి నిగ్మా ఆశ మనకు కనబడుతుంది. ఆ ఆశే తర్వాత విషమవుతుంది.

కాసేపటికి వేన్ ఆ యంత్రం వద్దంటాడు. మనుషుల మెదళ్లతో ఆడుకోవడం చాలా ప్రశ్నలు లేవదీస్తుందని కారణం చెబుతాడు. ప్రశ్నలు! ఒంటి నిండా ప్రశ్నార్థకాలు వేసుకుని తిరగబోయే మనిషికి ఆ మాట అక్కడే దొరికింది. అవమానం ఎక్కడ తగిలిందో ఈ విలన్ అక్కడి నుంచే బట్టలు కుట్టించుకున్నాడు. ఇంత చక్కగా రాసిన సీన్‌ని నేను "అతి" పేరుతో వీడియో చేస్తూ అవతల పారేశాను. ఎడిటింగ్ నేర్చుకున్న కొత్తలో చేసిన పని, అయినా తప్పు తప్పే.

స్టిక్లీ, కాఫీ కెటిల్

నిగ్మా పై అధికారి పేరు స్టిక్లీ. ఎడ్ బెగ్లీ జూనియర్ చేశాడు. సణుక్కుంటూ తిరిగే మామూలు మేనేజర్. రాత్రి ఆఫీసులో నిగ్మా దొంగతనంగా పనిచేస్తుంటే పట్టుకుంటాడు. నిగ్మా కాఫీ కెటిల్‌తో నెత్తిన కొట్టి, కాఫీ ప్రాణం తీస్తుందంటూ ఒక జోకు వేసి, కుర్చీకి కట్టేసి యంత్రం తగిలిస్తాడు. ఆఖరికి కుర్చీతో సహా కిటికీలోంచి తోసేస్తాడు.

ఇక్కడ క్యారీ కీచుగా అరుస్తాడు, ఊగుతాడు, వణుకుతాడు. నా వీడియోలో ఈ ముక్క ఉంది. కానీ ఇప్పుడు చూస్తే అతిగా అనిపించలేదు, ఎందుకంటే ఎదురుగా స్టిక్లీ నిజంగా ఆఫీసు మేనేజర్‌లాగే ఉన్నాడు. ప్రాణం మీదికి వచ్చినా ఉద్యోగం పీకేస్తానని బెదిరిస్తాడు. అవతల ఒకడు నేల మీద ఉంటే ఇవతలివాడు ఎంత ఎగిరినా ఎత్తు తెలుస్తుంది.

మర్నాడు పోలీసుల ముందు నిగ్మా ఏడుస్తాడు. ఆత్మహత్య ఉత్తరం దొరికిందని ఇస్తూ, చేతిరాత ఆయనదే, వాక్య నిర్మాణం కూడా ఆయనదే అని చెబుతాడు. ఎవరూ అడగలేదు. నా ఉద్దేశంలో సినిమా మొత్తంలో క్యారీ పండించిన అన్నిటికంటే మంచి కామెడీ ఈ ఒక్క మాట. గొంతు చిన్నది, కళ్లలో నీళ్లు, ఎదురుగా కమిషనర్ గోర్డన్ పాత్రలో పాట్ హింగిల్ రోజూ శవాలు చూసే పోలీసాయనలా నిలబడి ఉన్నాడు. కుర్రాడికి ఈ సీన్ చూపించి అదే చెప్పాను: "తెలివైనవాడు కాబట్టి దొరికిపోయే మాట అనేస్తున్నాడు చూడు." వాడు రాసుకున్నాడు. వాడు రాసుకోవడం నేను అదే మొదటిసారి చూశాను.

ఇద్దరూ అరిస్తే

ఆ తర్వాత రిడ్లర్ టూ-ఫేస్ స్థావరానికి వెళ్లి పొత్తు కుదుర్చుకుంటాడు. అక్కడి నుంచి కాంబినేషన్ అంతా జోన్స్‌తోనే. నా వీడియోలో ఎక్కువ ముక్కలు ఇక్కడివే అని తిరగేసి చూస్తే తేలింది.

జోన్స్ ఏం చేశాడంటే, క్యారీ ఏ శ్రుతిలో ఉన్నాడో అదే శ్రుతి పట్టుకున్నాడు. అతను పగలబడి నవ్వితే ఇతనూ పగలబడి నవ్వాడు. అతను కేక వేస్తే ఇతనూ వేశాడు. ఒకే డప్పు రెండు చేతులతో వాయించినట్టు ఉంటుంది. ఎవరు ఎవరికి మాట అందిస్తున్నారో తెలియదు. ఇద్దరూ కౌంటర్లే వేస్తున్నారు, వినేవాడు లేడు.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి. టూ-ఫేస్ పాత్ర పేరులోనే రెండు మొహాలున్నాయి. హార్వీ డెంట్ ఒకప్పటి న్యాయవాది, సగం మొహం బాగానే ఉంది. నాణెం ఎగరేసి ఏ సగం మాట్లాడాలో తేల్చుకునే మనిషి. అంటే రిడ్లర్‌కి కావలసిన గంభీరమైన ఎదుటి పాత్ర, సీన్‌కి అరపూట చొప్పున, రాతలోనే సిద్ధంగా ఉంది. మంచి సగం నుంచి జోన్స్ నిశ్శబ్దంగా ఒక్కసారి క్యారీని తేరిపార చూసి ఉంటే చాలు. గట్టిగా అరిచే సగాన్నే వాడుకున్నారు. అది నటుడి నిర్ణయమో దర్శకుడిదో మనకు అనవసరం, తెర మీద కనబడుతున్నది అదీ.

జోన్స్‌కి తనంటే గిట్టేదికాదని, ఒక హోటల్లో పలకరించబోతే నీ వెకిలి చేష్టలు నేను ఒప్పుకోలేనని మొహం మీదే అన్నాడని క్యారీ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. ఈ కథ ఇప్పుడు సినిమా కంటే ఎక్కువ ప్రచారంలో ఉంది. క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా ఎత్తుతారు, దాంతో అందరూ "అందుకే కెమిస్ట్రీ కుదరలేదు" అని సర్దుకుంటారు. నేను దాన్ని పక్కన పెట్టాను. ఒకరంటే ఒకరికి పడని నటులు అద్భుతంగా చేసిన కాంబినేషన్లు ఎన్ని లేవు? ఇద్దరూ ఒకే ఎత్తులో ఉండటం చాలు ఈ సీన్లు చెడటానికి.

బ్యాట్‌మన్ గుహలోకి చొరబడి అన్నీ పేల్చేసే సీన్‌లో క్యారీ ఒంటరి. బేస్‌బాల్ బంతి విసిరేవాడిలా బాంబులు విసురుతాడు. మొదటిసారి చూస్తే నవ్వొస్తుంది, మూడోసారికి రాదు. అంతకంటే చెప్పేదేమీ లేదు.

మధ్యలో ఒక పార్టీ సీన్ మాత్రం వదలడానికి వీల్లేదు. నిగ్మా ఇప్పుడు కోటీశ్వరుడు. జుట్టు దువ్వుకోవడం, నిలబడటం అన్నీ బ్రూస్ వేన్ అచ్చు. విలేకరుల ముందు వేన్‌ని పట్టుకుని, అమ్మకాల్లో ఓడిపోయావు, హోదాలో ఓడిపోయావు, ఆఖరికి జుట్టులో కూడా ఓడిపోయావు, ఎలా ఉంది అని అడుగుతాడు. కిల్మర్ మళ్లీ అదే మర్యాదతో వింటాడు. మొదటి సీన్‌లో చెయ్యి వదలనివాడు ఇప్పుడు ఏకంగా ఆ మనిషినే ఒంటి మీద వేసుకుని వచ్చాడు. మళ్లీ సీన్ పండింది. కారణం చెప్పక్కర్లేదు అనుకుంటాను.

అడిగేవాడు అడిగితే

క్లైమాక్స్‌లో రిడ్లర్ తన యంత్రంతో నగరంలో అందరి తెలివీ పీల్చుకుని సింహాసనం ఎక్కి, జ్ఞానమే శక్తి అయితే నేనే దేవుణ్ని అని గర్జిస్తాడు. వెంటనే మామూలు గొంతుతో, కాస్త ఎక్కువైందా, నాకెప్పుడూ తెలిసి చావదు అంటాడు. రచయితలకో నటుడికో తమ మీద వచ్చే విమర్శ ముందే తెలుసు. నా వీడియోలో గర్జన ఉంది, రెండో మాట లేదు. కట్ చేసేటప్పుడు సరిగ్గా అక్కడే ఆపాను.

తర్వాత బ్యాట్‌మన్ అతన్ని ఓడించే తీరు చూడండి. సినిమా అంతా పొడుపు కథలు పంపింది రిడ్లర్. వాటిల్లోని అంకెలు 13, 1, 8, 5. మధ్యలో రెండూ 18గా కలిపి ఇంగ్లిష్ అక్షరాలుగా మారిస్తే 'మిస్టర్ ఇ' వస్తుంది, అంటే మిస్టరీ, ఇంకో మాటలో ఎనిగ్మా, అలా నిగ్మా పేరు బయటపడుతుంది. చివర్లో బ్యాట్‌మన్ తానే ఒక పొడుపు కథ వేస్తాడు: చూడకుండానే చూస్తాను, చీకటి నాకు పట్టపగలే, నేనెవర్ని? రిడ్లర్ ఆగలేడు. ఇంత తేలికదా అన్నట్టు గబ్బిలం మాట ఎత్తి జవాబిస్తాడు. ఆ క్షణంలోనే బ్యాట్‌మన్ గబ్బిలం ఆకారపు ఆయుధం విసిరి యంత్రాన్ని పగలగొడతాడు.

నా భాషలో చెప్పాలంటే ఎదుటి నటుడు మొదటిసారి మాట అందించాడు, కమెడియన్ అందుకోకుండా ఉండలేకపోయాడు. మేం స్టేజీ మీద రోజూ వాడుకునే బలహీనత అది. ఆఖరి సీన్‌లో పిచ్చాసుపత్రిలో నిగ్మా, కట్టేసిన పొడుగు చేతుల చొక్కాని రెక్కల్లా ఆడిస్తూ నేనే బ్యాట్‌మన్‌ని అంటాడు. ఎదురుగా డాక్టర్ చేజ్‌గా నికోల్ కిడ్‌మన్ నవ్వకుండా చూస్తుంది. మళ్లీ సీన్ బాగుంటుంది.

క్లాసులో ఏం చేశాం

కరచాలనం సీన్‌ని వ్యాయామంగా పెట్టాను. డైలాగులు మావే. మున్సిపల్ ఆఫీసు, ఒక గుమాస్తా, కొత్తగా వచ్చిన కమిషనర్. గుమాస్తా చెయ్యి పట్టుకుని వదలకూడదు. కమిషనర్‌కి ఒక్కటే వాక్యం.

మొదటి విడతలో కమిషనర్ వేసినవాడు కూడా నవ్వించాలని చూశాడు. కళ్లు పెద్దవి చేశాడు, చెయ్యి వంక చూసి మనవైపు చూశాడు. గదిలో రెండు నవ్వులు వచ్చాయి, తర్వాత చప్పబడింది. రెండో విడతలో కమిషనర్‌ని విసుగ్గా ఉండమన్నాను. గుమాస్తా మీద జాలి కలిగింది గానీ నవ్వు రాలేదు. మూడో విడతలో కమిషనర్ మంచివాడు, అతనికి వెళ్లాల్సిన పనుంది, కానీ ఎదుటివాణ్ని నొప్పించడం ఇష్టం లేదు. గుమాస్తా వేసిన అమ్మాయి ఏమీ పెంచలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె బొటనవేలు మెల్లగా అవతలి మణికట్టు మీదికి, వాచీ పట్టీ కిందికి పాకింది. తనకే తెలియలేదట. కమిషనర్ ఆ వేలి వంక చూసి, మళ్లీ ఆమె మొహంలోకి చూసి, "అమ్మా, ఆ వాచీ మా మామగారు పెట్టింది" అన్నాడు. గది గొల్లుమంది. అమ్మాయి మాత్రం నవ్వకుండా, "చాలా మంచి మామగారు సార్" అంది, చెయ్యి వదల్లేదు. ఈసారి నవ్వులో కొంచెం భయం కూడా కలిసింది. ఈ మనిషి రేపు ఏం చేస్తుందో అని నాకే అనిపించింది.

మూడింట్లోనూ గుమాస్తా చేసింది దాదాపు ఒకటే. మారింది కమిషనర్.

కుర్రాడి సమస్యకి ఇది ఎంతవరకు మందు అంటే, పూర్తిగా కాదు. షూటింగ్‌లో వాడి ఎదురుగా ఉన్నది సీనియర్ కమెడియన్, విలన్ అనుచరుడి వేషం. ఆయనా కౌంటర్లు వేస్తున్నాడు. ఆయన్ని తగ్గించమని అడిగే వయసు వాడికి లేదు, అడిగితే వేషమే పోవచ్చు. మేం వేరే దారి వెతికాం. ఒక సీన్‌లో వాడి డైలాగులు అనుచరుడి వైపు కాకుండా అక్కడే కూర్చుని లెక్కలు రాసుకునే ముసలి అకౌంటెంట్ వైపు చెప్పనివ్వమని దర్శకుణ్ని అడగమన్నాను. అకౌంటెంట్‌కి మాటల్లేవు, జూనియర్ ఆర్టిస్టు. ఆయన వాడు ఏం చెప్పినా తలెత్తి ఒకసారి చూసి మళ్లీ లెక్క రాసుకున్నాడట. రెండో టేక్‌కే ఓకే అయింది, "తగ్గించు" అన్న మాట వినబడలేదు. అనుచరుడితో ఉన్న మిగతా సీన్లలో మాత్రం పాత కథే.

మా దగ్గర తీరని చిక్కు ఒకటుంది. నవ్వించేవాడికి చప్పట్లు వస్తాయి, నవ్వకుండా నిలబడ్డవాడికి రావు. వర్క్‌షాప్‌కి డబ్బు కట్టి వచ్చినవాళ్లెవరూ రెండో పని నేర్చుకోవాలని రారు. పోయిన వారం కొత్త బ్యాచ్‌లో పన్నెండు మందిని కూర్చోబెట్టి, కమిషనర్ ఎవరు వేస్తారని అడిగాను. ఒక్క చెయ్యి లేవలేదు. సరే అని నేనే నిలబడ్డాను. మొదటి రోజు వచ్చిన కుర్రాడొకడు, బెరుకుగా, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని, "సార్, మీ చెయ్యి చల్లగా ఉంది, టీ తెప్పించనా?" అన్నాడు. నవ్వు ఆపుకోలేకపోయాను. సీన్ అక్కడే పోయింది.